లాభం నుంచి మళ్ళీ మొదలు

మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు. మధ్యలో ఎవరైనా పలకరించారో, కొలిచిందంతా డబ్బాలో గుమ్మరించి మళ్ళీ లాభం నుంచి మొదలుపెడుతుంది. తార్నాకలో మా రైల్వే క్వార్టర్‌లో రోజూ ఈ తంతు చూసి నాకు ఒళ్ళు మండేది. ఆమాత్రం లెక్క గుర్తుండదా అని దెప్పేదాన్ని. అరవైల చివర, నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ, ఆదివారాలు బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుంటున్న రోజులవి.

క్లబ్బులో ఒక సేటుగారి చిన్న విమానం ఉండేది. పైకి లేచాక దాని చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దిగే ముందు గుర్తుపెట్టుకుని మీటతో కిందికి దించాలి. నాకంటే సీనియర్ ఒకాయన కబుర్లలో పడి ఆ సంగతే మరిచాడు. విమానం పొట్టమీద ఈడ్చుకుంటూ పోయింది, ప్రొపెల్లర్ వంకరపోయింది. ఆయనకేం కాలేదు గానీ, ఆ కబురు మా ఇంటికి చేరింది.

"నీ చేతిల గట్ల ఒక్కసారి అయిందనుకో, మల్ల నువ్వు గా దిక్కు పోవుడు లేదు" అంది అమ్మ. అమ్మ మాటంటే మాటే. క్లబ్బులో మగపిల్లలేమో, ఆడపిల్ల ఎక్కితే ఆ విమానం మళ్ళీ రిపేరుకే అని నవ్వుకునేవారు. ఎంత కోపం వచ్చేదో నాకు!

బాగుచేసిన ఆ విమానంలోనే నా పరీక్ష. పక్కన మా సారు, రిటైరైన మిలిటరీ పైలట్. బంగారంలాంటి మనిషే గానీ నోరు ఊరుకోదు. తిరిగొస్తూ, దిగే ముందు చూసుకోవాల్సినవన్నీ పైకి చెప్పుకుంటున్నాను. పెట్రోలు చూశాను. చక్రాల మీట మీద చెయ్యి వెయ్యబోతుంటే, "గాడ చూడు బిడ్డా, మీ యూనివర్సిటీ" అన్నారు.

చూడకుండా ఉంటానా? రాతి కట్టడం, చెట్లు, ఆ పక్కన తార్నాక. మా ఇంటి కప్పు ఏదో వెతికాను. తల తిప్పేసరికి ఎదురుగా రన్‌వే. చక్రాలు దించానా? దించినట్టే అనిపించింది.

"లాభం" అన్నాను.

సారు ఏందది అని అడిగారు. పెట్రోలు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. చూద్దును కదా, మీట ఇంకా పైనే ఉంది! దించాను. కింద గడగడమంటూ చక్రాలు దిగాయి, పచ్చదీపం వెలిగింది. నన్ను పరీక్షించడానికే మాటల్లో పెట్టారనుకుని సారు వంక చూశాను. కాదు, ఆయనా మరిచిపోయారు. పాపం, ముఖం తెల్లబోయింది.

నిక్షేపంగా చక్రాల మీద దిగాం. షెడ్డు దగ్గర అందరి ముందూ సారు, "నేను మర్చిపోయిన. ఈ బిడ్డ మర్చిపోలె. వచ్చే ఆదివారంసంది సేటు విమానం ఒక్కతే నడుపుతది" అన్నారు. మగపిల్లలు ఒక్కరూ నవ్వలేదు. నేను మాత్రం తార్నాక దాకా నవ్వుతూనే సైకిల్ తొక్కాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ బియ్యం కొలుస్తోంది. సంతోషం నిలవనియ్యడం లేదు. అయినా కొలత అయ్యేదాకా గుమ్మంలో నోరెత్తకుండా నిలబడ్డాను. అయ్యాక జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

అమ్మ డబ్బా మూత పెడుతూ, "గట్లయితె పో బిడ్డా, ఎంత పైకన్న పో" అంది.