తాడు వదలుడు నేర్పిన చాచా

మా చాచా పోయిండు. పొద్దుగాల గుర్రాలకు గడ్డి వేస్తుంటె మెట్‌పల్లి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పిండు. లీవుల ఇంటికి పోయిన మనిషి, మళ్ళ డ్యూటీకి రావాలె. దోహా బయట ఈ లాయంల గుర్రాలు చూసుకునే మా అందరికి ఆయనే పెద్ద.

నేను లుసైల్‌ల సెంట్రింగ్ పని ఇడిసిపెట్టి ఇక్కడికొచ్చిన. చాచా దక్నీ ఉర్దూల తిడుతుండె, తెలుగుల నేర్పుతుండె. చాయ్ తాగుకుంట గూడ గుర్రాల చెవుల దిక్కే చూస్తుండె. ఏది దేనికి దోస్తో, ఏది దేన్ని దగ్గరికి రానియ్యదో అంత ఆయనకెరుకే.

నేను చూసుకునే తెల్ల ఆడగుర్రం, గుర్రాలను తీస్కపోయే ట్రైలర్ ఎక్కకపోతుండె. ఎక్కకుంటే రేసుకు పోదు, పోకుంటే అమ్మేస్తనన్నడు కఫీల్, మా అరబ్బు సేటు. నాకేమో అదంటే పానం. అందరం కలిసి తాడు పట్టి గుంజుతుంటిమి. అది ముందరి కాళ్ళు లేపంగనే, మీద పడుతదని బుగులుకు వదిలిపెడుతుంటిమి. దీనికి తలకాయ లేదని నేను తిట్టిన.

చాచా నిలవడి చూసి నవ్విండు. "తలకాయ మస్తున్నది బేటా. కాళ్ళు లేపితే తాడు వదులైతదని నేర్చుకున్నది. పాఠం మనమే తప్పు చెప్పినం."

గుంజుడు బంద్ చేపిచ్చిండు. తాడు జర బిగువుగ పట్టి ఊకె నిలవడ్డడు. అది కాళ్ళు లేపితే పక్కకు జరిగిండు గని వదల్లే. ఒక్క అడుగు ముందుకేయంగనే వదిలి మెడ రుద్దిండు. ఆ రోజుకు ఖలాస్. ఇంకింత చేద్దమంటే ఒప్పుకోలే. అట్ల రోజింత రోజింత, ఆఖరికి ఎక్కింది.

ఎక్కినంక తాడు మా అందరి చేతులకు మార్చి మార్చి ఇచ్చిండు. ఎందుకు చాచా, నీ మాట వింటది గద అని అడిగిన.

"నా మాటెందుకు? తాడు మాట వినాలె. రేపు నేనుండకపోతే?"

ఫోన్ వచ్చిన రోజే రేసుకు పోవాలె. కఫీల్ గూడ వచ్చి నిలవడ్డడు. ఏడ్సిన కండ్లు తుడుసుకోని తాడు నేనే పట్టిన. చాచా లేకుంట ఇది ఎక్కుతదా అని అందరికి అదే రంది. అది ఆగింది, ట్రైలర్ వాసన చూసింది, ఒక అడుగేసింది. నా చెయ్యి దానంతటదే వదులైంది. మిగిలిన దూరం అదే నడిచి లోపలికి పోయింది.

తలుపు వేస్తుంటే లోపల నుంచి గట్టిగ సకిలించింది. లాయంల గుర్రాలు ఒకదాని ఎనుక ఒకటి బదులిచ్చినయ్. నేను గూడ ముందర ఎక్కి కూసోని, బండి గేటు దాటేదాక అద్దంల చూసిన. అన్నిటి చెవులు మా దిక్కే ఉన్నయ్.