రేకుల కింద చల్లటి పరుపు

కనకమామిడిలో ఎవరింటికి ఏ వస్తువు రావాలన్నా ముందు అంతమ్మ చెయ్యి దాని మీద పడాల్సిందే. బర్రెను కొనబోయేవాళ్లు ఆమెను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. పెళ్లిచీరల దుకాణానికి పెళ్లికూతురి తల్లి లేకపోయినా సరే, అంతమ్మ ఉండాలి. బంతిపూలు తెంపి తెంపి గరుకెక్కిన చేతులవి. ఆ చేత్తో ఒకసారి తడిమి ఇది తీసుకోండి అందంటే ఇక బేరం ముగిసినట్టే. ఆమె చెయ్యి పెడితే తిరుగులేదని ఊరంతా అనేది. వినీ వినీ అంతమ్మ కూడా నమ్మేసింది. ఊరు ఊరంతా మెచ్చుకుంటుంటే నమ్మకుండా ఉండే మనిషెవరు?

ఆ ఏళ్లలో గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగులు లేచిన కొద్దీ ఇటు ఊరి దగ్గర మోకిలలో విల్లాలు లేచాయి. విల్లాలకు నీళ్లు కావాలి కాబట్టి అంతమ్మ భర్త శ్రీశైలం నీళ్ల ట్యాంకర్ డ్రైవరయ్యాడు. గుంతల రోడ్ల మీద ఏళ్ల తరబడి ఎగిరెగిరి పడిన ఆయన నడుము ఒక పొద్దున సీట్లోనే పట్టేసింది. ఇద్దరు మనుషులు పట్టుకుని కిందికి దించారు. దవాఖానలో డాక్టరు, కొన్నాళ్లు కదలకుండా పడుకుని ఒళ్లెరగకుండా నిద్రపోతే ఆపరేషన్ లేకుండానే బాగుపడొచ్చన్నాడు. కుంగిపోయే నులక మంచం మాత్రం వద్దు, చెక్క మంచం మీద మంచి పరుపు వేసుకొమ్మన్నాడు. అంటే నిద్రే మందు. దుకాణంలో దొరికే మందయితే ఎట్లాగో తెచ్చేవాళ్లు, ఇది శ్రీశైలానికి ఎక్కడా దొరకలేదు.

చెక్క మంచం ఇంట్లో ఉంది గానీ, దాని మీది దూది పరుపు ఎప్పుడో ఉండలు కట్టింది. పైన ఇనుప రేకులు, నడి వేసవి. ఫ్యాను తిరిగితే వేడిగాలి ముఖాన కొట్టేది. ఒళ్లంతా మంట మంట అని శ్రీశైలం ఒకటే గొణిగేవాడు. కళ్లు లోపలికి పోయాయి, ముఖం పీక్కుపోయింది. ఆపరేషన్ మాటెత్తితే చాలు, అంత పెద్ద ట్యాంకర్‌ను ఆడించిన మనిషి చిన్నపిల్లాడిలా దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

వాళ్ల కూతురు పూజకు గచ్చిబౌలిలో కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. అక్కడే హాస్టల్లో ఉంటున్నది. తండ్రి సంగతి తెలిసి ఆదివారం వచ్చి తల్లిని బయల్దేరదీసింది.

"అమ్మా, మెమరీ ఫోమ్ అని ఉంటది. ఒంటికి తగ్గట్టు ఒంగుతదట, సల్లగ గూడ ఉంటదట. బాపుకు అదే కొందాం. కానీ నువ్వే చూసి చెప్పాలె" అన్నది.

నువ్వే చూడాలి అన్నాక అంతమ్మకు ఇంకేం కావాలి? ఇస్త్రీ చీర కట్టుకుని కూతురి వెంట నడిచింది.

ఆ దుకాణం గుళ్లోకన్నా చల్లగా ఉంది. చెప్పులు విప్పాలేమో అని అంతమ్మ గుమ్మంలోనే ఒక క్షణం ఆగింది. లోపల వరసగా మంచాలు, వాటి మీద మూరెడు మందం పరుపులు. సాముయేలు అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి, ఒక్కో పరుపును కన్నబిడ్డను పొగిడినట్టు పొగిడాడు.

"ఊకె చెయ్యి పెట్టి చూస్తే తెల్వదమ్మా. చెప్పులు విడిచి పండుకొని చూడుండ్రి. అందరు గట్లనే చూస్తరు" అన్నాడు.

అంతమ్మ చుట్టూ చూసింది. అటు నలుగురు మగవాళ్లు, ఇటు కొత్త పెళ్లి జంట, వీధికేమో నిలువెత్తు అద్దం. అంతమంది ముందు కాళ్లు చాపుకుని పడుకోవడమా? ఇంట్లో మరిది ఉంటేనే నడుము వాల్చని మనిషి ఆమె.

"నాకు పండుకునుడు ఎందుకు తీయ్, నా చెయ్యే చెప్తది" అని కొంగు సర్దుకుంది.

ఒక్కో పరుపు మీదా అరచెయ్యి ఆనించి చూసింది. నొక్కితే చెయ్యి లోపలికి దిగేది, తీశాక కూడా అచ్చు కాసేపు అట్లాగే నిలిచేది. ఒకటి మరీ మెత్తన, ఒకటి వెచ్చన. చివరి పరుపు మీద చెయ్యి పెట్టగానే కుండలో నీళ్లు తగిలినట్టయింది. ఎవరూ చూడకుండా వంగి చెంప కూడా ఆనించింది. ప్రాణం లేచివచ్చింది.

"గిదే" అంది. ఎందుకైనా మంచిదని మళ్లీ అడిగింది, "అన్నా, రేకుల ఇల్లు మాది. ఎండకాలం ఎట్లుంటది మరి?"

"ఏసీ ఎంతల పెట్టుకుంటరమ్మా?" అన్నాడు సాముయేలు.

"ఏసీ లేదు" అంది పూజ తల దించుకుని.

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "ఫ్యాన్‌కు గూడ సల్లగనే ఉంటది. జెల్ ఉన్నది గదా లోపట. నచ్చకుంటే నెల లోపల మార్చి ఇస్తం, పాడుగాకుండ ఉండాలె అంతే" అన్నాడు.

దుకాణంలో చల్లగా ఉన్నది పరుపా, దుకాణమా అన్న అనుమానం తల్లికీ రాలేదు, కూతురికీ రాలేదు.

పరుపు ఇంటికొచ్చింది. పూజ తండ్రిని దాని మీద పడుకోబెట్టి, ఫోటో తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కింది. శ్రీశైలం కాసేపు హాయిగానే ఉన్నాడు. తర్వాత పరుపు ఆయన ఒంటి వేడికి మెల్లగా మెత్తబడి, నడుమును, వీపును లోపలికి తీసుకుంది. తీసుకున్న వేడిని ఎక్కడికీ పోనివ్వలేదు. ఆ గుంటలోంచి పక్కకు తిరగడం ఆయన వల్ల కాలేదు. చెమటకు దుప్పటి తడిసి ముద్దయింది. తిప్పవే, లేపవే అని గంట గంటకూ పిలిచేవాడు.

"పొయ్యి మీద పెట్టినట్టున్నదే నన్ను" అన్నాడు మూడో రోజు. అంతమ్మకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. ఊరందరికీ ఎంచిపెట్టిన చెయ్యి సొంత మొగుడి దగ్గరే మోసం చేసిందే అని ఏడుపొచ్చింది. మార్చమని పూజకు చెప్పడానికి ముందు తన ప్రయత్నం ఏదో తను చేయాలనుకుంది.

ఆమెకు తెలిసిన ప్రయత్నం ఒక్కటే. పుట్టినప్పటి నుంచీ వేసవిలో సాయంత్రమయ్యేసరికి ఇంట్లో నులక మంచాన్ని వాకిట్లో వేసి నీళ్లు చల్లేవాళ్లు. నులక బిగిసేది, పడుకుంటే వీపు చల్లబడేది. మంచాన్ని చల్లబరిచే నీళ్లు పరుపును మాత్రం చల్లబరచవా?

మధ్యాహ్నం శ్రీశైలాన్ని పక్కింటి రామమ్మ సాయంతో నేల మీదికి దించింది. పరుపు మీద చెంబెడు నీళ్లు చల్లింది. చుక్క కనిపించకుండా ఇంకిపోయాయి. ఎండిన మడి తాగినట్టు తాగుతున్నదని సంబరపడి మరో చెంబు, ఇంకో చెంబు, చివరికి బకెట్ ఖాళీ చేసింది. పైన పొడి దుప్పటి పరిచి ఆయన్ను మళ్లీ ఎక్కించింది.

"అబ్బ" అన్నాడు శ్రీశైలం. అంతే, గురక మొదలైంది. అన్నాళ్ల తర్వాత విన్న ఆ గురకకు అంతమ్మ గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మం ముందు నుంచి పోయేవాళ్లనల్లా చప్పుడు చేయొద్దని సైగ చేసింది.

ఆయన లేచేసరికి గుంటలో నీళ్లు ఊరి వీపంతా నానిపోయింది. సాయంత్రానికి వణుకు పట్టుకుంది. పరుపును ఎండలో వేద్దామంటే నీళ్లు తాగిన దాన్ని ఆడవాళ్లు ఎత్తలేకపోయారు. ఈడ్చుకెళ్లి గోడకు ఆనిస్తే రోజంతా కారుతూనే ఉంది. పై పొర ఎండింది గానీ నొక్కితే లోపలి నుంచి మురుగు వాసన. పసుపు మరకలు పడ్డాయి. చేవెళ్ల నుంచి వచ్చిన పరుపులు కుట్టే మనిషి చూసి, ఇది దూది కాదమ్మా, నేను విప్పి ఆరబెట్టలేను అని వెళ్లిపోయాడు. చెక్క మంచం ఒట్టిగా గట్టిగా తగిలేది, దూది పరుపు రేకుల కింద మండేది. శ్రీశైలం బండల నేల మీద బొంత పరిపించుకుని పడుకున్నాడు. చల్లగానే ఉంది గానీ బండ నడుముకు గుచ్చుకునేది. రెప్ప వాలేది కాదు.

కాస్త కాస్తగా నెల గడిచింది. ఒక పొద్దున పూజ ఫోన్ చేసింది.

"అమ్మా, ఇయ్యాలనే ఆఖరు రోజు. బాపుకు పరుపు పడకుంటే ఇప్పుడే చెప్పు, ఇంకో రకం తెప్పిస్త. రేపటి నుంచి వాపస్ తీస్కోరు. మంచిగున్నదా మరి?"

దాచడం అంతమ్మ వల్ల కాలేదు. "బిడ్డా, నేనే ఒక పని..." అని మొదలుపెట్టింది.

కింద నుంచి శ్రీశైలం చెయ్యి చాచాడు. "ఫోన్ ఇటియ్యి" అన్నాడు. ఇవ్వనంటే లేచేటట్టున్నాడు. ఇచ్చింది.

"మార్చుడెందుకు బిడ్డా? మంచిగ సల్లగున్నది" అన్నాడు నవ్వుతూ.

"నిజంగనా బాపు? నిద్ర పడుతున్నదా?"

"పట్టుడేంది, మీ అమ్మ తట్టి లేపితే లేస్తున్న. పరుపు మీ అమ్మ మంచిగ చూసి తెచ్చింది. నువ్వు ఫికర్ చెయ్యకు, పని చూసుకో."

అవతల పూజ సంతోషంగా నవ్వడం అంతమ్మకు వినిపించింది. అయితే మార్చుడు వద్దని దుకాణపోళ్లకు చెప్పేస్త అంటున్నది. అంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్రీశైలం ఫోన్ చెవి నుంచి తీసి ఆమెకు చూపించాడు. "పెట్టేసిందా చూడు."

"పెట్టేసింది."

అప్పటిదాకా పళ్లు కరిచి పట్టుకున్న మూలుగు అప్పుడు బయటికి వచ్చింది.

"జర అటు తిప్పే, అంతమ్మా" అన్నాడు.