దుప్పట్లక్క ఎదురుచూసిన మూడు నెలలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పెద్ద డాక్టర్ల నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా అందరికీ ఆమె దుప్పట్లక్క. వార్డుల నుంచి మూటలుగా దిగే దుప్పట్లను విప్పి, మరకలున్నవి ఒక పక్కకి, లేనివి ఒక పక్కకి వేయడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. మిషన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. ఆమె గుసగుసలాడినా పక్కింటికి వినపడుతుందని భర్త ఏడిపిస్తాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, మహా మితభాషి.

ఒక మంగళవారం పొద్దున మందపాటి చేతి తొడుగులు కనపడక, పల్చటివే వేసుకుని మూట విప్పింది. మడతలో ఎవరో వదిలేసిన ఇంజెక్షన్ సూది చూపుడువేలికి చురుక్కున దిగింది. తొడుగు లోపల ఎర్రటి చుక్క కనపడింది. సబ్బునీళ్లతో వేలు కడుక్కుని, సూపర్‌వైజర్‌కి చెప్పి, నేరుగా పరీక్షల గదికి వెళ్లింది. ఆ సూది ఏ రోగిదో తేలలేదు.

పరీక్షలు చేసే అతను ఆమెకు ఎప్పటి నుంచో తెలిసినవాడే. వేలి నుంచి చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద వేశాడు. ఇరవై నిమిషాలు ఆమె గోడ గడియారాన్ని మింగేసేలా చూసింది.

"ఒక్క గీతే వచ్చింది అక్కా. హెచ్‌ఐవీ నెగెటివ్."

"హమ్మయ్య! బతికించావు తమ్ముడూ. ఇక వస్తా, అక్కడ మూటలు గుట్టపడి ఉంటాయి."

"కూర్చో కూర్చో. ఇది ఇప్పటిదాకా నీ ఒంట్లో ఏమీ లేదని చెప్పింది. పొద్దున సూది సంగతి దీనికింకా తెలీదు. వైరస్ వస్తే ఒళ్లు దాని మీదకి పోట్లాటకి దిగుతుంది చూడు, ఆ గుర్తుల్నే ఈ పట్టీ పట్టుకుంటుంది. అవి తయారవడానికి వారాలు పడుతుంది."

దుప్పట్లక్కకు తన పని గుర్తొచ్చింది. "తడి గుడ్డ మీద కొన్ని మరకలు కనపడవు. ఆరాకే బయటపడతాయి. అలాగా?"

"అచ్చం అలాగే."

డాక్టరమ్మ ఆ రోజే మాత్రలు మొదలుపెట్టించింది. మూడు రోజులు దాటితే అవి పనికిరావట, ఎంత త్వరగా మింగితే అంత మంచిదట. ఇరవై ఎనిమిది రోజులు ఒక్క పూటా మానకూడదు. వైరస్ ఉన్న సూదే అనుకున్నా, వెయ్యిమందికి గుచ్చుకుంటే ఏ ముగ్గురికో సోకుతుందని ధైర్యం చెప్పింది. ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి మళ్లీ పరీక్ష. అప్పటిదాకా భర్తతో జాగ్రత్తగా ఉండాలంది.

ఆ చివరి మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక దుప్పట్లక్క సాయంత్రమంతా అటూ ఇటూ తిరిగింది. చివరికి ఉల్లిపాయలు తరుగుతున్న భర్త పక్కన కూలబడి గబగబా చెప్పేసింది. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"మాత్ర ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. ఏమండీ, అంతేనా మీరడిగేది?"

"ఇంకేం అడగాలి? నీకు గుర్తుండదు, నేను అలారం పెడతా."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మాత్రలకు కడుపులో తిప్పేది. నాలుగు రోజులు వరసగా పొద్దున్నే వాంతులు చేసుకుంటుంటే అత్తగారు అనుమానంగా దగ్గరికొచ్చి, "ఏమే, నలభై ఆరేళ్లొచ్చాయి, ఇప్పుడు నెల తప్పావా?" అంది. బస్సు డ్రైవరు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. ఇక దాచలేక ఉన్నదంతా చెప్పారు. ముసలావిడ భయపడి, ఆమె తాగిన గ్లాసు ముట్టుకోవచ్చా అనడిగింది. గ్లాసులతో రాదని కొడుకు చెప్పాక, ఆ గ్లాసులోనే నీళ్లు తాగి చూపించింది.

పదో రోజున ఓపిక నశించి, దుప్పట్లక్క ఎవరికీ చెప్పకుండా వీధి చివర ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంది. నెగెటివ్. ఆ కాగితం పట్టుకుని పరీక్షల గదికి పరుగెత్తింది.

"చూడు తమ్ముడూ! ఇక ఆ పాడు మాత్రలు మానెయ్యనా?"

"ఆ ల్యాబ్‌వాళ్లు తప్పు చెప్పలేదక్కా. నువ్వే తొందరపడి అడిగావు. ఈ పరీక్ష మంచిదే, కానీ దానికి టైమివ్వాలి. మాత్రలు మాత్రం మానకు."

ఆమె ముఖం మాడ్చుకుంది గానీ మానలేదు. డబ్బాలో చివరి మాత్ర అయిపోయిన రోజు అత్తగారు దిష్టి తీసినంత పని చేసింది. ఆరు వారాలకు మళ్లీ ఒక్క గీతే. మూడు నెలలు నిండాక వేలి చుక్కతో పాటు చేతి నరం నుంచి కూడా రక్తం తీసి పెద్ద ల్యాబ్‌కి పంపారు. రెండూ నెగెటివే.

"ఇప్పుడు నమ్మొచ్చా?" అంది, అతని ముఖంలోకే చూస్తూ.

"ఇప్పుడు నమ్మొచ్చక్కా. అయిపోయింది."

దుప్పట్లక్క అతని తల నిమిరి వచ్చేసింది.

మరుసటి రోజు భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి, ఊరి ఆఖరి స్టాపు దాకా బస్సులో ప్రయాణికుల్లా వెళ్లారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆయన దారి పొడవునా ఆ డ్రైవరు బ్రేకులు ఎలా వేస్తున్నాడో సణుగుతూనే ఉన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.