పది గ్యాలన్లు తక్కువ

ముసునూరు సువర్ణరాజు యుద్ధకాలంలో నాలుగేళ్లు ఎయిర్‌ఫోర్సులో ఫిట్టరుగా పనిచేశాడు. తిరిగి వచ్చాక మద్రాసులోని ఒక చిన్న కంపెనీ అతన్ని పిలిచింది. వాళ్లు యుద్ధంలో మిగిలిపోయిన ఒంటి ఇంజను విమానమొకటి కొని గన్నవరంలో పెట్టారు. ఇంజను చూసుకోవడం సువర్ణరాజు పని. నడిపేది ఉంగుటూరు రైతుల బిడ్డ జగన్మోహనరావు.

1948 వేసవిలో నూజివీడు మామిడి వర్తకుడు సత్యనారాయణమూర్తి గారు మొదటి కోత రసాలను విమానంలో మద్రాసు పంపాలనుకున్నారు. మాట్లాడుకోవడానికి ఇద్దరినీ తోటలోని పాకకు పిలిచారు. సువర్ణరాజు తల్లి రిబ్కమ్మ ఇరవై ఏళ్లుగా ఆ పాకలోనే వరిగడ్డి పరిచి బుట్టల్లో కాయలు సర్దుతోంది.

"కూర్చో రాజూ," అంటూ మూర్తి గారు కుర్చీ చూపించారు. ఊరి చివర సువర్ణరాజు వాళ్ల పేట నుంచి ఎవరూ ఆ పాకలో కుర్చీ ఎక్కింది లేదు. రిబ్కమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"పెట్రోలు ఎంత పోస్తారేంటి?" అన్నారు మూర్తి గారు.

"నలభై గ్యాలన్లండీ. ముప్పై ఖర్చవుతుంది, పది చేతిలో ఉంటుంది," అన్నాడు జగన్మోహనరావు.

"ఆ పదీ తగ్గిస్తే ఇంకో రెండు బుట్టలు పడతాయి కదా. నెమ్మదిగా నడిపితే ఖర్చు తగ్గదా? నా కారుకి తగ్గుతుంది."

"ఇంజను సంగతి నాకన్నా రాజుకి బాగా తెలుసండీ."

తెలుసు. ట్రైనింగులో పదిసార్లు చెప్పించుకున్న పాఠమది. ఎత్తున గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఆ ఇంజనుకు గాలిని బలవంతంగా లోపలికి తోసే సూపర్‌చార్జరు బిగించారు. అంత గాలిని తట్టుకోవాలని సిలిండర్లలో ఒత్తిడి తక్కువగా ఉండేట్టు చేశారు. పైన, పూర్తి బలంతో పోతున్నప్పుడు అది బాగా పనిచేస్తుంది. కిందుగా, నెమ్మదిగా పోతే మాత్రం పెట్రోలు మండినంత బలం రాదు. వచ్చిన బలంలోనూ కొంత సూపర్‌చార్జరే తినేస్తుంది. గంటకు రెండు మూడు గ్యాలన్లు తగ్గినా, ప్రయాణం ఎక్కువసేపు సాగి మొత్తం ఖర్చు పెరుగుతుంది.

తగ్గదండీ అంటే సరిపోయేది. కానీ మూర్తి గారు తన నోటివైపే చూస్తున్నారు. అమ్మ చూస్తోంది.

"తగ్గుతుందండీ," అన్నాడు సువర్ణరాజు. "నెమ్మదిగా పోతే ముప్పై చాలు."

ఆ తర్వాత మూడో రోజు పొద్దున విమానం లేచింది. మధ్యాహ్నానికి టెలిగ్రాం వచ్చింది. నెల్లూరు దాటి, మద్రాసు ఇంకా కొద్ది దూరం ఉందనగా పెట్రోలు అయిపోయింది. ఎండిన చెరువులో దింపబోతే విమానం ముక్కు మీద పడింది. జగన్మోహనరావు కుడికాలు రెండుచోట్ల విరిగింది.

విచారణకు కంపెనీ అధికారి వచ్చాడు. పెట్రోలు తగ్గించే నిర్ణయం తనదేనని జగన్మోహనరావు ఆసుపత్రి నుంచి రాసి పంపాడు.

"మీరేమైనా సలహా ఇచ్చారా?" అని అధికారి సువర్ణరాజును అడిగాడు.

"లేదండీ."

జగన్మోహనరావు ఉద్యోగం పోయింది. సువర్ణరాజును ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వారం ఇంటికి వెళ్తే రిబ్కమ్మ అన్నం పెడుతూ చెప్పింది: "మా అబ్బాయి చెప్పినట్టు నడపలేదు కాబట్టే పడిపోయిందని పాకలో అందరికీ చెప్పానురా. పాపం, ఆయనకి చేతకాలేదు."

సువర్ణరాజు ఆ మాట సరిదిద్దకుండానే చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఇంటికి రావడమే తగ్గించాడు.

నాలుగు నెలల తర్వాత ఉంగుటూరు వెళ్లాడు. జగన్మోహనరావు చేతికర్ర పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ రోజు నాకు తెలుసండీ," అన్నాడు సువర్ణరాజు నిలబడే. "నెమ్మదిగా పోతే లాభం లేదని తెలిసే చెప్పాను."

జగన్మోహనరావు చేతికర్ర అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకు తెలీక చెప్పావనుకున్నాను. ఎందుకు చెప్పావు?"

"ఆయన నన్ను కూర్చోబెట్టి అడిగారండీ. కాదనలేకపోయాను."

"నాతో విడిగా చెప్పొచ్చుగా రాజూ. మధ్యలో రెండు రోజులున్నాయి."

ఆ రెండు రోజులూ ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు, ఒకే క్యారేజీలో తిన్నారు.

మర్నాడు కంపెనీకి ఉత్తరం రాశాడు. నెల తిరక్కుండా అతన్ని పనిలోంచి తీసేశారు. జగన్మోహనరావును మాత్రం తిరిగి తీసుకోలేదు. ఎవరేం చెప్పినా సరిచూసుకోవలసింది నడిపేవాడేనని జవాబు వచ్చింది.

ఉద్యోగం పోయిన సంగతితో పాటు అసలు సంగతీ తల్లికి చెప్పాడు. రిబ్కమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తెల్లారాక పాకకు వెళ్లి, గడ్డి ముట్టుకోకముందే మూర్తి గారి ఎదుట నిలబడింది.

"తప్పు ఆ బాబుది కాదండీ, మావాడిదే. నేను ఊరంతా అబద్ధం చెప్పాను," అంది. తర్వాత ఎప్పటిలాగే పనిలో కూర్చుంది.

ఈ సంగతి సువర్ణరాజుకు పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది. ఆ తర్వాత అతను చాట్రాయి తోటల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికాడు. పని బాగా తెలిసినవాడని పేరొచ్చింది. పనికి పోవడానికి మూర్తి గారి తోటలో అమ్మ కూర్చునే పాక మీదుగా దగ్గరి దారి ఉన్నా, రిబ్కమ్మ బతికి ఉన్నన్నాళ్లూ చుట్టు తిరిగే వెళ్లేవాడు.