రెండోసారి అడిగిన ప్రశ్నలు

మా పని వినడానికి చాలా మర్యాదగా ఉంటుంది. ఘోరాలు చూసిన పిల్లల కోసం ఇంగ్లీషులో తయారైన ఒక ప్రశ్నాపత్రాన్ని ఎవరో ఫారసీలోకి అనువదించారు. ఆ అనువాదాన్ని నమ్మొచ్చా లేదా అన్నది మేం తేల్చాలి. అందుకు ఒక్కొక్కరి చేత అదే పత్రాన్ని రెండు వారాల ఎడంతో రెండుసార్లు నింపించాలి. జవాబులు కలిస్తే పత్రం మంచిదన్నమాట. బాధలో ఉన్న పిల్లలను డాక్టరుకు చూపించాలని కూడా నియమాల్లో ఉంది. ఎప్పుడు చూపించాలన్నది మాత్రం నాకే వదిలేశారు.

నాకు ఫారసీ రాదు. అబిడ్స్‌లో మా క్లినిక్ దగ్గరే ఉండే ఒక పెద్దావిడ సాయానికి వచ్చేది. వాళ్ల తాత ఇరాన్ నుంచి వచ్చి నాంపల్లిలో చాయ్ హోటల్ పెట్టాడట. ఆవిడకి ఫారసీ ఇంట్లో వచ్చింది, తెలుగు బజార్లో వచ్చింది. మామూలుగా నన్ను బిడ్డా అనేది, కోపమొస్తే మేడం అనేది.

అలా కలిసిన పిల్లల్లో ఒక అమ్మాయికి పదమూడేళ్లు. కాబూల్ నుంచి వచ్చి ఏడాది కాలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తు గదిలో తల్లితో ఉండేది. చాప మీద బోర్లా పడుకుని, స్కూలు పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా, పీడకలలొస్తాయా, ఉలిక్కిపడతావా లాంటి ప్రతి ప్రశ్నకూ 'దాదాపు రోజూ' అన్న గడిలోనే టిక్కు పెట్టింది. చివర్లో తనంతట తానే ఒక మాట చెప్పింది. రోజూ బూట్లు విప్పకుండానే పడుకుంటుందట, లేచి పరిగెత్తాల్సి వస్తే ఆలస్యం కాకూడదని.

మెట్లు దిగుతూనే పెద్దావిడ నన్ను ఆపింది. "ఏంది మేడం, గిట్లనే చూసుకుంట పోతమా? గీ పొల్లను ఇయ్యాలనే దవాఖానకు తోల్కపోవాలె."

"రెండు వారాలు ఆగుదామండీ ఆంటీ. ఇప్పుడే వైద్యం మొదలుపెడితే జవాబులు మారిపోతాయి. కాగితం పనికిరాకుండా పోతుంది."

"కాగితమా?" అంది. నాకంటే ముందే దిగిపోయి ఆటోను ఆపింది.

నేను మరీ రాక్షసిని కాను. ఫారసీ మాట్లాడే పిల్లలు దొరకడమే గగనంగా ఉండేది. ఇన్నాళ్లు ఆగిన పిల్ల, ఇంకో రెండు వారాలకేం అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అమ్మాయి గుర్తొచ్చింది. డాక్టరు నంబరు ఫోన్‌లోనే ఉంది. పుస్తకాలు కొనుక్కుని ఇంటికెళ్లిపోయాను.

రెండు వారాలకు మళ్లీ వెళ్లాం. అమ్మాయి ఈసారి చకచకా నింపేసింది. అన్నిటికీ 'ఎప్పుడూ లేదు'. ఎందుకిలా రాసిందో అడగమన్నాను. పెద్దావిడ అడిగింది, విన్నది, నావైపు తిరిగింది.

"పోయినసారి నిజమే రాసిందంట. మీరు మల్ల గదే కాగితం తెచ్చిన్రు గదా. బడిల టీచర్ తప్పు రాస్తేనే మల్ల రాయమంటుండెనంట. గందుకే ఈసారి అన్నీ మార్చి రాసిందంట."

తప్పు రాయలేదని చెప్పమన్నాను. ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాను. ఈలోగా తల్లి ఆ కాగితం అందుకుని, ఒక్కొక్క టిక్కు మీదా వేలు పెట్టి చూసుకుంది. కూతురికి నయమైపోయిందని కూతురే రాసిందిగా, ఇంకా దవాఖాన ఎందుకంది. పిచ్చి అని రాస్తే ఈ దేశంలో ఉండనివ్వరేమోనన్న భయం ఆవిడది. బతిమాలాను. కాగితం గుండెలకు హత్తుకుని తల అడ్డంగా ఊపింది. అమ్మాయి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఏదో అడిగింది.

"ఇప్పుడు కరెక్టేనా అంటున్నది," అంది పెద్దావిడ.

తర్వాత రెండుసార్లు వెళ్తే తలుపు తీయలేదు. మూడోసారి ఆ గదిలో వేరే ఎవరో ఉన్నారు. ఢిల్లీ వెళ్లారని కింది షాపాయన అన్నాడు, ఆయనకీ సరిగ్గా తెలియదు.

ఫారసీ పత్రం నమ్మదగినదేనని తేలింది. ఆ అమ్మాయి జవాబులు మాత్రం అందులో చేర్చలేదు. ఎందుకు చేర్చలేదో కారణం రాయాల్సిన చోట, 'సూచనలు బాలికకు అర్థం కాలేదు' అని నా చేత్తో నేనే రాశాను.