బావ చుట్టిన రాగి తీగ

నిన్న ముత్తంగి దగ్గర బస్సు కోసం నిలబడితే, మా పెద్దక్క భర్త ఫొటోతో కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. కార్మికుల భద్రతకు జీవితమంతా పాటుపడ్డారని, ఇవాళే సంగారెడ్డిలో సన్మానమని రాశారు. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

మన వయసువాళ్ళకు పాత పటాన్‌చెరు ఫ్యాక్టరీ షెడ్లు గుర్తుండే ఉంటాయి. ఫ్యూజు పోతే కొత్తది వేయడం చేతకానివాళ్ళ పనిగా, దాని స్థానంలో రాగి తీగ చుట్టి మిషన్ నడిపించడం మొనగాడితనంగా చెల్లిన రోజులవి. మా షెడ్డులో ఆ మొనగాడు బావే. నేను స్టోర్‌లో పనిచేసేవాణ్ణి, ఫ్యూజులు నా వెనక అరలోనే ఉండేవి, కానీ తన షెడ్డు ఫ్యూజులే అడగదని ఓనరు దగ్గర పేరు కొట్టేయాలని ఆయన అటు తొంగి చూసేవాడు కాదు. ఎవరైనా గుర్తుచేస్తే, “గింత దానికి మిషన్ బంద్ వెట్టాల్నా? రెండు పోగులు సుట్టు, ఏం గాదు” అనేవాడు. దసరాకు మాత్రం తాను తీగ చుట్టిన ఆ స్విచ్ డబ్బాకే పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కళ్ళు మూసుకొని దండం పెట్టేవాడు.

షార్ట్ సర్క్యూట్ అయితే ఎంత కరెంటు దెబ్బను తట్టుకుంటుందో ఆ డబ్బా మీది రేకు ముక్కపై రాసి ఉండేది, ముందు ఫలానా ఫ్యూజు ఉంటేనే అని దాని కిందే ఉండేది. స్విచ్ ఒంటరిగా మోయగల బరువు కాదది, కరెంటు పూర్తిగా పెరగకముందే కరిగి తెంపేసే ఫ్యూజు అండతో వచ్చిన బలం. బావ పై వరుస చదివి మురిశాడు, కింది వరుస ఆయనకు పట్టలేదు.

ఆ దసరా వెళ్ళిన కొద్దిరోజులకే, లోపల కేబుల్ షార్టయిన సంగతి తెలియక, అదే షెడ్డులో మిషన్ నడిపే మా తమ్ముడు స్విచ్ వేశాడు. తీగ సమయానికి తెగలేదు, స్విచ్ పేలింది, వాడి కుడిచేతి వేళ్ళు పోయాయి. మేము ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తీగ మాయమై అక్కడ కొత్త ఫ్యూజు కూర్చుంది, నా అరలో ఒకటి తగ్గింది. స్విచ్ నాసిరకమని బావ తేల్చేశాడు. నేను గొడవకు దిగితే అమ్మ, “అల్లుడు అబద్ధమెందుకు ఆడ్తడు బిడ్డా, అక్క కాపురం సూడు” అని నా నోరు మూయించింది. ఆనాటి నుంచి బావ ఇంట్లో నేను మంచినీళ్ళు ముట్టలేదు.

ఇప్పుడు ఆ షెడ్ల జాగాలో గోడౌన్లు లేచాయి, షార్టయితే తమంతట తామే కరెంటు తెంపేసే బ్రేకర్లు వచ్చాయి, తీగ చుట్టేవాళ్ళు తగ్గారు. సంతోషించాల్సిందే. కానీ ఆనాటి నిజం చెప్పి ఒప్పిద్దామంటే అమ్మ కూడా లేదు.

ఈ ఉదయం తమ్ముడు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. “అక్క పిలిచింది, పోకుంటే బాగుండదన్నా” అన్నాడు. బావ సన్మానానికి వెళ్ళే ఆ చొక్కాకు గుండీలు నేనే పెట్టాను.