పని ఎవరిదని అడిగిన సారు

నిన్న పొద్దుటి నుంచి రియాద్‌లో దుమ్ము. ఇలాంటి రోజున మాకు పని ఎక్కువ. ఏసీల జాలీలన్నీ మూసుకుపోతాయి. నిన్న మలాజ్ పేటలో మా బిల్డింగ్ పైకప్పు మీద ఒక ఏసీ విప్పుతుంటే జేబులో ఫోన్ మోగింది. సందేశం జర్మనీ నుంచి, ఒకప్పటి మా కంపెనీ వకీలు సారు కూతురు పంపింది. నాన్న ఆదివారం నిద్రలోనే పోయారని, ఆయన ఫోన్‌లో నా పేరు పక్కన 'ఖఫ్జీ' అని రాసి ఉంటే చూసి చెబుతున్నానని రాసింది. విప్పిన ఏసీని మళ్ళీ బిగించి, కిందికి దిగి, జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న రాజేశానికి ఫోన్ చేశాను.

సంగతి విని రాజేశం అడిగాడు.

"ఎన్నేండ్లుంటయి ఆయనకు?"

"ఎనభై దాటినయి."

"నేనైతె ఎప్పుడో పోయిండనుకున్న. గంత కోపం మనిషి గిన్ని దినాలు బతికిండా." ఆ తర్వాత, "నువ్వు పది చదివినవ్ గద అన్నా. ఆయన మీద నాలుగు మాటలు రాయరాదు" అన్నాడు.

రాజేశానికి ఆ సారు ఏమవుతాడో చెప్పాలంటే ఖఫ్జీ నుంచి మొదలుపెట్టాలి.

కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది ఆయన అక్కడికి వచ్చాడు. ఖఫ్జీ సరిహద్దు ఊరు. ఫిరంగి దెబ్బలకు గోడలు, నీళ్ళ ట్యాంకులు పగిలి ఉన్నాయి. వాటిని బాగుచేసే కంపెనీలో నేను డ్రైవర్‌ని, ఆయన జర్మనీ నుంచి వచ్చిన కంపెనీ వకీలు. అటుపక్క కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతున్నాయి. గాలి మా వైపు తిరిగితే మిట్టమధ్యాహ్నం బండి లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. ఆరేసిన బట్టల మీద నల్లటి చుక్కలు పడేవి.

ఆఫీసులో పెద్దవాళ్ళందరూ వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. ఆయన ముందు, నా పక్కన కూర్చునేవాడు. అలాగని కలుపుగోలు మనిషి కాదు. నా పెళ్ళాం పిల్లల సంగతి ఎన్నడూ అడగలేదు. బండి కాస్త ఆలస్యమైతే గడియారం చూపించేవాడు, అంతే, ఆ రోజంతా మాట ఉండేది కాదు. క్యాంపులో ఎవరు కనిపించినా అడిగేది ఒకటే: "ఈ వారం సెలవు ఇచ్చారా?" మావాళ్ళు ఆయనకు 'సెలవు సారు' అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి, ఆ మాటకు అర్థమేమిటని నన్నడిగాడు. చెప్పాను. "ఇంతకంటే చెడ్డ పేర్లున్నాయి నాకు" అన్నాడు. ఆయన నవ్వగా నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఎండలు ముదిరే రోజుల్లో రాజేశం పడ్డాడు. ట్యాంకు మీద పైపు బిగిస్తున్నాడు. పొగ దిగినప్పుడు ఎవరూ పైకి ఎక్కకూడదని, ఎక్కినవాణ్ణి ఇంటికి పంపేస్తామని సైట్లో బోర్డు ఉండేది. ఆ రోజు పొగ దిగింది. కాస్త పనే మిగిలింది, అది ముగించి దిగమన్నాడు ఫోర్‌మన్. ఆ చీకట్లో రాజేశం కాలు జారింది. తుంటి విరిగింది.

అతని గదివాళ్ళు ఆఫీసుకు చెప్పలేదు. దుప్పట్లో వేసి, నలుగురూ నాలుగు కొసలు పట్టి, క్యాంపుకు మోసుకొచ్చి, తమ గది మెట్ల కింద పడుకోబెట్టి, అప్పుడు కేక వేశారు. అందరిలో పెద్దవాడైన గంగన్న ఆలోచన అది. సైట్లో పడ్డాడంటే బోర్డు మాట వినలేదని ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. గది దగ్గర పడ్డాడంటే జ్వరం వచ్చినవాడిలాగా నాలుగు రోజులు పడుకోనిస్తారు. ఆఫీసు లెక్క వేరుగా ఉంది. గది దగ్గర పడితే అది పనిలో తగిలిన దెబ్బ కాదు. కట్టు కట్టించి ఇంటికి పంపేయమన్నారు. ఆపరేషన్ లేకుండా ఆ కాలుతో విమానమెక్కితే అతను మళ్ళీ నడవడని ఆసుపత్రిలో కాంపౌండర్ నాతో అన్నాడు. రాజేశానికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఊళ్ళో ఉన్న ఎకరన్నర పొలం కూడా కాళ్ళుంటేనే సాగేది.

పంపేయడానికి వకీలు సారు సంతకం కావాలి. ఆయన కంపెనీ జీతం తినే మనిషి, పెడితే అయిపోయేది. పెట్టకుండా బండి క్యాంపుకు పోనిమ్మన్నాడు.

ఆ గది మెట్లు మోకాలెత్తు కూడా ఉండవు. ఆయన వాటిని చూసి, ఎక్కి, పై మెట్టు మీద నిలబడ్డాడు. గదివాళ్ళు ఎదురుగా నిలబడ్డారు. ఆయన మాట వాళ్ళకు, వాళ్ళ మాట ఆయనకు నాకొచ్చిన ఇంగ్లీషుతో నేను చెప్పాను.

"ఇక్కడి నుంచే పడ్డాడా?"

"ఈడికెల్లే సార్," అన్నాడు గంగన్న. "సబ్బునీళ్ళుండె. జారిండు."

"వాని తలరాత సార్," అన్నాడు ఇంకొకడు.

సారు పై మెట్టు మీంచి కిందికి దూకాడు. యాభై ఏళ్ళ మనిషి, బూట్లతో సహా. దుమ్ము లేచింది. ఒకడు నవ్వబోయి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సారు ప్యాంటు దులుపుకొని, "నా తుంటి బాగానే ఉంది" అన్నాడు.

అప్పుడాయన మెట్టు మీద కూర్చొని వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. బొగ్గుగనిలో పనిచేసేవాడట. ఒకనాడు పైకప్పు కూలి నడుము పోయింది. ఎవరి తప్పని ఎవరూ అడగలేదు. గనిలో తగిలిన దెబ్బ కాబట్టి వైద్యం జరిగింది, నెలనెలా ఇంటికి పైకం వచ్చింది. అమ్మ ఎవరి గడపా తొక్కలేదు, తాను చదువుకున్నాడు. ఇంత చెప్పి గంగన్న వైపు తిరిగాడు.

"తప్పు ఎవరిదని నేను అడగడం లేదు. పని ఎవరిదని అడుగుతున్నాను."

గంగన్న నా మొహంలోకి చూశాడు. "గట్లనే అన్నడా? బోర్డు సూసి గూడ ఎక్కిండంటె?"

అడిగాను. "అయినా సరే" అన్నాడు సారు.

"మరి ఎగ్జిట్ కొడితె?"

"నడిచేదాకా కొట్టనివ్వను. మీరు నిజం చెబితేనే అది నా చేతిలో ఉంటుంది."

గంగన్న తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు. "ట్యాంకు కంపెనీది సార్. పని కంపెనీది. ఫోర్‌మన్ చెయ్యమంటెనే ఉన్నడు పైన. మేమే మోస్కొచ్చినం. వానికి మంచిగైతదని మోస్కొచ్చినం."

"ముట్టకున్రి అని మొత్తుకున్నడు సార్ తొవ్వపొడుగుత," అన్నాడు తువ్వాల అడ్డం పెట్టుకున్నవాడు.

సారు వాళ్ళను ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కణ్ణే పక్కకు పిలిచి, చూసింది చూసినట్టు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆఫీసులో చాలా రోజులు తలుపులు వేసుకొని గొడవపడ్డారు. బయట బండిలో నాకు వినిపించేది. చివరికి రాజేశానికి దమ్మాంలో ఆపరేషన్ అయింది.

రాజేశం మంచం మీద లేచి కూర్చున్నాక గదివాళ్ళు మంచి ఖర్జూరాల డబ్బా కొని నాతో పంపారు. సారు తీసుకోలేదు. "నేను వాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. వాళ్ళకు రావలసింది వచ్చింది" అన్నాడు. నేను డబ్బా పట్టుకొని అలాగే నిలబడితే, మూత తీసి ఒక్కటి తిని, గింజను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. మిగతావి వెనక్కి పంపాడు. గంగన్న నొచ్చుకున్నాడు. "గీ గర్వమెందుకు?" అన్నాడు. అది గర్వమో కాదో అప్పుడు నాకూ తేలలేదు.

ఆయన కాంట్రాక్టును కంపెనీ మళ్ళీ పొడిగించలేదు. దానికి రాజేశం సంగతే కారణమో, వేరే ఉందో నాకు తెలియదు. తమ దేశం వెళ్ళాక చట్టాలు రాసే కమిటీల్లో కూర్చున్నాడు. ఇళ్ళల్లో మంచం పట్టినవాళ్ళకు చాకిరీ చేసే ఆడవాళ్ళది కూడా ఉద్యోగమేనని, వాళ్ళకూ సెలవు, బీమా, పింఛను ఉండాలని ఏళ్ళ తరబడి వాదించాడు. కొంత చట్టంలోకి వచ్చింది, కొంత రాలేదు.

మధ్యలో ఒకసారి ఏదో సమావేశానికని రియాద్ వచ్చి నన్ను పిలిపించాడు. శుక్రవారం మనవాళ్ళు చేరే బతా బజారుకు తీసుకెళ్ళాను. డబ్బు పంపే దుకాణం ముందు వరుసలో కడపవైపు ఆమె నిలబడి ఉంది. సౌదీ వాళ్ళింట్లో ముసలామెను చూసుకుంటుంది. ఆమెతో మాట్లాడాలన్నాడు.

"ఇప్పుడు ముసలామెను ఎవరు చూస్తున్నారు?"

"నేను గాక ఎవురుండారు సార్? ఆమె నిద్దరపోతే వచ్చినా. లేసేలోపల పోవల్ల."

"వారంలో సెలవు ఏ రోజు?"

ఆమె నవ్వింది. "సెలవిచ్చి నన్నేం చేయమంటాడన్నా ఈయప్ప?" అని నన్నడిగింది. ఆ మాటా చెప్పాను. ఆయనను హోటల్ దగ్గర దించాను. దిగేటప్పుడు, "మా దేశంలో నేను ఇంకా చాలా చేయాలి" అన్నాడు.

నిన్న ఫోన్ పెట్టేసే ముందు రాజేశం అడిగాడు. "నేను మల్ల నడిచిన సంగతి ఆయనకెరుకేనా అన్నా?"

ఎరుకే, ఉత్తరం రాశానని చెప్పాను. ఆయన కళ్ళతో చూడలేదు. సారు ఆ ఏడు ఎండలు తగ్గకముందే ఖఫ్జీ నుంచి వెళ్ళిపోయాడు. అప్పటికి రాజేశం ఇంకా చంకకర్రల మీదే ఉన్నాడు. రాజేశం చలి పడ్డాక ఊరికి వెళ్ళాడు. విమానాశ్రయం ముందు బండి దిగి, పెట్టె తానే పట్టుకొని, లోపలికి నడిచిపోయాడు.